డిష్‌పై పడిన నింద

బ్రిటన్‌లో స్కై డిజిటల్ ఉపగ్రహ ప్రసారాలు 1998 అక్టోబరులో మొదలయ్యాయి. మరుసటి ఏడాదే 802.11బి ప్రమాణం రావడంతో వైఫై ఇళ్లలోకి నడిచింది. టీవీ పెట్టగానే ఇంటర్నెట్ కుంటుపడితే అనుమానం డిష్ మీదికి పోవడం సహజమే, కానీ అన్యాయం. డిష్ పట్టే తరంగాలు 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్‌వి. డిష్‌కు అమర్చిన ఎల్ఎన్‌బీ అనే పరికరం వాటిని 950–2150 మెగాహెర్ట్జ్‌కు దించి కేబుల్లోకి పంపుతుంది. వైఫై హద్దు 2400 మెగాహెర్ట్జ్ దగ్గర గానీ మొదలుకాదు. అసలు తగువు తెచ్చింది వీడియో సెండర్. హాల్లోని సెట్‌టాప్ బాక్సు బొమ్మను తీగ లేకుండా పడగ్గది టీవీకి చేరవేసే చిన్న పెట్టె అది. దానికి నాలుగు చానళ్ల స్విచ్ ఉండేది, ఎటు తిప్పినా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే.

మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉందిగా, దాన్నెందుకు వదిలేయాలి అనవచ్చు. ఓవెన్ కరెంటు తరంగంలో దాదాపు సగభాగమే రొద చేస్తుంది, మిగతా సగంలో వైఫై తన మాట చెప్పుకోగలదు. పక్కింటి రూటరైనా ముందు విని, ఖాళీ చూసుకుని పంపుతుంది. అనలాగ్ వీడియో సెండర్‌కు ఆ మర్యాద లేదు. స్విచ్ వేసింది మొదలు క్షణం విరామం లేకుండా ప్రసారం చేస్తూనే ఉంటుంది. వినే అలవాటున్న రూటర్ తన వంతు కోసం కాచుకుని కూర్చుంటుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే పేజీ తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. కాబట్టి రూటర్ మార్చడం వృథా ఖర్చు, సెండర్ ప్లగ్గు పీకి చూడడమే సరైన పరీక్ష. 2016లో వచ్చిన స్కై వారి సెట్‌టాప్ వ్యవస్థ స్కై క్యూ మాత్రం గదిగదికీ బొమ్మను వైఫై మీదే పంపింది.