లెక్క తెలిసిన సందేహం

1944 జూన్ 13న లండన్ తూర్పు పేటల మీద జర్మన్ల మొదటి ఎగిరే బాంబు పడింది. దాని పేరు వి-1. పైలట్ లేకుండా, బరబరా చప్పుడు చేస్తూ వచ్చేది. ఇంజన్ ఆగి చప్పుడు నిలిచిపోయిందంటే కింద ఉన్నవాళ్లకు గుండె ఆగినంత పనయ్యేది. వారాలు గడిచేకొద్దీ ఊళ్లో ఒక నమ్మకం స్థిరపడింది. కొన్ని పేటల మీదే బాంబులు మళ్లీ మళ్లీ పడుతున్నాయని, జర్మన్లు వాటిని గురిపెట్టి కొడుతున్నారని జనం అనుకున్నారు.

ఆ నమ్మకాన్ని లెక్కగట్టి చూసిన మనిషి ఆర్.డి. క్లార్క్. ప్రుడెన్షియల్ బీమా కంపెనీలో లెక్కల నిపుణుడు (యాక్చువరీ). దక్షిణ లండన్‌లో 144 చదరపు కిలోమీటర్ల మేర పటం తీసుకుని 576 గళ్లుగా విభజించాడు. అక్కడ పడిన బాంబులు 537. 229 గళ్లలో ఒక్కటీ పడలేదు. 211 గళ్లలో ఒక్కొక్కటి, 93 గళ్లలో రెండేసి, 35 గళ్లలో మూడేసి, 7 గళ్లలో నాలుగేసి పడ్డాయి. ఒకే ఒక్క గడిలో అంతకు మించి పడ్డాయి. ఏ గురీ లేకుండా ఎక్కడ పడితే అక్కడ పడితే ఎలా ఉండాలో కూడా ఆయన లెక్కవేశాడు. ఖాళీ గళ్లు 227 దాకా, ఒక్కటే పడిన గళ్లు 211, రెండు పడినవి 99, మూడు పడినవి 31, నాలుగు పడినవి 7 రావాలి. రెండు వరుసలూ దాదాపు ఒకటే. ఇంటర్ రెండో ఏడాది గణితం చదివిన తెలుగు విద్యార్థులకు ఈ సూత్రం పాయిజాన్ విభాజనంగా తెలుసు.

1946లో క్లార్క్ ఈ ఫలితాన్ని యాక్చువరీల పత్రికలో ఒకే ఒక్క పేజీలో అచ్చువేయించాడు. ఆ పేజీ నుంచి తేలేది రెండు మాటలు. మొత్తం మీద బాంబులు ఎలా చెదిరి పడతాయో చెప్పవచ్చు. రేపటిది ఎవరింటి మీద పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇరవై ఏడేళ్ల తర్వాత ఈ రెండు మాటల మీద ఒక మహా నవల నిలబడింది. 1973లో వచ్చిన ఆ నవల పేరు ‘గ్రావిటీస్ రెయిన్‌బో’, రచయిత థామస్ పించన్. సైన్సు మీదా, పరమ సత్యం మీదా సందేహం అనగానే సాహిత్య విమర్శకులు ముందుగా తలుచుకునే పుస్తకాల్లో ఇదొకటి. పించన్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో మొదట ఇంజనీరింగ్ ఫిజిక్స్‌లో చేరాడు, నౌకాదళంలో పనిచేశాడు. 1960 నుంచి 62 దాకా సియాటిల్‌లో బోయింగ్ కంపెనీలో, బోమార్క్ క్షిపణి గురించి సాంకేతిక వ్యాసాలు రాసే ఉద్యోగం చేశాడు. క్షిపణి లోపల ఏముంటుందో తెలిసినవాడు రాసిన నవల కాబట్టే అందులోని సందేహానికి బరువు ఉంది.

నవలలో రోజర్ మెక్సికో అనే యువ గణాంకవేత్త ఉంటాడు. లండన్ పటాన్ని గళ్లుగా చీల్చి రాకెట్లు పడిన చోట్లను లెక్కబెడుతుంటాడు. క్లార్క్ వి-1 బాంబులకు వాడిన పద్ధతినే పించన్ ఇక్కడ వి-2 రాకెట్లకు వాడాడు. మెక్సికోకు ఎదురుగా, రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ బాట పట్టిన పాయింట్స్‌మన్ ఉంటాడు. ప్రతి కార్యానికీ ఒక కారణం ఉంటుందనీ, మనసు కూడా మీట నొక్కితే పలికే యంత్రమేననీ ఇతని నమ్మకం. అవును, కాదు అనే రెండే అతనికి తెలుసు. ఆ రెంటికీ మధ్య ఉన్న జాగాలో మెక్సికో బతుకుతాడు. పక్క గడిలో రాకెట్ పడింది కాబట్టి మా గడి భద్రమేనా అని అడిగితే, గతం రేపటికి హామీ ఇవ్వదని నిజాయితీగా చెబుతాడు. నవలలో ఇద్దరూ శాస్త్రవేత్తలే. వాళ్లలో ప్రమాదకరమైన మనిషి తనకు అంతా తెలుసనుకునేవాడే.

వి-2 స్వభావం కూడా పించన్‌కు కలిసొచ్చింది. 1944 సెప్టెంబర్ 8న లండన్ పశ్చిమాన చిజిక్‌లో మొదటిది పడి ముగ్గురు చనిపోయారు. ధ్వని కన్నా వేగంగా వచ్చే రాకెట్ అది. ముందు పేలుతుంది, అది వస్తున్న చప్పుడు తర్వాత వినిపిస్తుంది. చప్పుడు వినగలిగారంటే బతికిపోయినట్టే. కార్యం ముందు, కారణం వెనక వచ్చినట్టుండే ఈ అనుభవాన్ని పించన్ కథ నడకలోకే ఎక్కించాడు. స్లోత్రాప్ అనే అమెరికన్ లెఫ్టినెంట్ తన ప్రేమ వ్యవహారాలు జరిగిన చోట్లను పటం మీద నక్షత్రాలతో గుర్తుపెట్టుకుంటాడు. ఆ నక్షత్రాలు పడిన చోటే కొద్ది రోజులకు రాకెట్లు పడుతుంటాయి. ఎందుకు? పాయింట్స్‌మన్ ఆ కారణం కోసం వేటాడతాడు. వందల పేజీలు సాగినా పాఠకుడికి తేల్చిన జవాబు దొరకదు, చివరికి స్లోత్రాపే కథలోంచి చెదిరిపోతాడు.

ఈ పుస్తకంలో అన్నిటికన్నా లోతుగా దిగేది ఫ్రాంజ్ పోక్లర్ కథ. వి-2 తయారీలో పనిచేసే జర్మన్ ఇంజనీరు అతను. భార్యాబిడ్డలు నిర్బంధంలో ఉంటారు. అధికారులు ఏడాదికి ఒక్కసారి అతని దగ్గరికి కూతుర్ని పంపుతారు. వచ్చిన ప్రతిసారీ అతనికి అదే అనుమానం: పోయినేడాది వచ్చిన పిల్లేనా ఈ పిల్ల? రాకెట్ ఇంధనం లెక్కల్లో తప్పు పట్టగలిగే మనిషికి తన బిడ్డను గుర్తుపట్టే ఆధారం దొరకదు. పని పోతుందన్న భయంతో, పిల్ల మళ్లీ రాదేమోనన్న భయంతో నోరు మెదపడు. యుద్ధం ముగిశాక డోరా నిర్బంధ శిబిరంలోకి అడుగుపెడతాడు. తాను గీసిన గీతలకు అవతల ఇన్నాళ్లూ ఏం జరిగిందో అప్పుడు కళ్లారా చూస్తాడు.

డోరా కల్పన కాదు. నార్డ్‌హౌజెన్ దగ్గర కొండ సొరంగాల్లో వి-2లు తయారుచేయించడానికి నాజీలు ఖైదీలను వాడుకున్నారు. ఆ శిబిర వ్యవస్థలో దాదాపు 60,000 మంది మగ్గారు, 20,000 మంది దాకా చనిపోయారు. రాకెట్ పడి పోయిన ప్రాణాల కన్నా దాన్ని తయారుచేస్తూ పోయిన ప్రాణాలే ఎక్కువ. ఆ రాకెట్ రూపకర్త వెర్నర్ ఫాన్ బ్రౌన్ తర్వాత అమెరికా చేరి, 1969లో మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన సాటర్న్-5కు ప్రధాన నిర్మాత అయ్యాడు. సైన్సు దానంతటదే మానవాళిని వెలుగులోకి నడిపిస్తుందన్న కథను పించన్ తరం ఎందుకు నమ్మలేకపోయిందో ఈ ఒక్క జీవితం చూస్తే అర్థమవుతుంది.

ఈ అపనమ్మకానికి సిద్ధాంతం తర్వాత వచ్చింది. ఇలాంటి మహా కథనాల మీద నమ్మకం సడలడమే ఆధునికోత్తర (పోస్ట్‌మోడర్న్) స్థితి అని ఫ్రెంచి తాత్వికుడు లియోటార్డ్ 1979లో రాశాడు. కెనడాలో క్యూబెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మండలి రాయించిన నివేదిక అది. నవల అప్పటికే ఆరేళ్ల పాతది. ఆ తర్వాత ఈ సందేహం కొన్ని చేతుల్లో పలచబడింది. 1996లో భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్ కావాలని అర్థంలేని వ్యాసం ఒకటి రాసి పంపితే, ‘సోషల్ టెక్స్ట్’ పత్రిక అచ్చువేసింది. గురుత్వాకర్షణ కూడా మనుషులు కల్పించుకున్న మాటేనన్న ధోరణిని ఆ వ్యాసం బయటపెట్టింది. ఆ ధోరణిని పించన్‌కు అంటగట్టడం అన్యాయం. ఆయన నవలలో రాకెట్ నిజంగా పడుతుంది, మనుషులు నిజంగా చస్తారు, పాయిజాన్ సూత్రం నిజంగా పనిచేస్తుంది. ఆయన అనుమానించింది సైన్సు పేరుతో మనుషుల మీద పెత్తనం చేసే నిశ్చయాన్ని.

అనిశ్చయాన్ని ఒప్పుకోవడం సైన్సుకు ఓటమి కాదని తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో కలకత్తాలో ఉండగా ప్రచురించిన పరిశోధన, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దాని హద్దును చూపింది. క్రామెర్–రావు హద్దుగా లోకమంతా వాడేది దాన్నే. తర్వాత ఆయన రాసిన ఒక పుస్తకానికి ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అనే పేరు పెట్టారు.

సాహిత్యం ఎం.ఏ. తరగతుల్లో పోస్ట్‌మోడర్నిజాన్ని సిద్ధాంత వ్యాసాలతో మొదలుపెట్టే అధ్యాపకులు ఈసారి క్లార్క్ పట్టికను బోర్డు మీద వేసి మొదలుపెట్టాలి. ఆ వెంటనే పోక్లర్ అధ్యాయం చదివించాలి. గణితం విద్యార్థులను కూడా ఆ తరగతికి పిలవాలి.