బీగముల రహస్యము

మన యిండ్లలో బీగముపై గల విశ్వాసము విచిత్రమైనది. తలుపునకు పెద్ద బీగము వేసి, దాని చెవిని గుమ్మము ప్రక్క గూటిలో దాచి, ఇంటివారు నిశ్చింతగా యాత్రకు పోవుదురు. ఆ చోటు తమకు దక్క నన్యులకు దెలియదని వారి నమ్మకము. దొంగ మొదట వెదకునది ఆ గూడే! రాత్రులందు తలుపునకు కుర్చీ చేరవేసి, దానిపై చెంబు నిలిపి నిద్రించువారును గలరు. చెంబు పడిన చప్పుడునకు మెలకువ రావచ్చును గాని తలుపు నది యాపజాలదు.

ఎదుటివానికి దెలియదను నిట్టి యూహపైననే ఐరోపాలోని బీగముల పనియు శతాబ్దములు నడచెను. బీగము కడుపులో ఇనుపరేకుల నడ్డముగా నిలుపుదురు. వానికి సరిపడ గంట్లు కోసిన చెవియే లోపల తిరుగును. పనివాండ్రు రేకులను వంకరలు త్రిప్పి, చెవులపై నగిషీ చెక్కి, వెల పెంచిరి. కాని గడియను ద్రోయునది చెవి కొన మాత్రమే. ఆ కొనను మిగిల్చి తక్కినదంతయు ఆకురాయితో నరగదీసినచో ఏ రేకును దానికి దగులదు. మైనము పూసిన మొద్దుచెవిని జొనిపి త్రిప్పినచో రేకుల జాడలు మైనముపై బడును. ఈ సంగతి దొంగ యెఱుగును, పనివాడెఱుగును. ఎఱుగనివాడు వెల యిచ్చి కొన్న గృహస్థుడు.

1778లో ఇంగ్లండున రాబర్టు బారను వేఱు మార్గము ద్రొక్కెను. అతని బీగములో చెవి లోపలి మీటలను నిర్ణీతమైన యెత్తునకే లేపవలెను. తక్కువైనను ఎక్కువైనను గడియ కదలదు. 1784లో జోసెఫు బ్రామా మఱియొక బీగమునకు హక్కుపత్రము పొందెను. దానిని చెవి లేక తెఱచువారికి 200 గినీలిత్తుమని ఆ సంస్థవారు లండనులోని తమ యంగడి కిటికీలో ప్రకటించిరి. 1818 నాటి జెరెమయ్యా చబ్బు బీగము, ఎవరైన మీటను మితిమీఱి లేపినచో బిగుసుకొని, యజమానునకు ఆ సంగతి దెలుపును.

1851లో లండను మహాప్రదర్శనమునకు అమెరికానుండి ఆల్ఫ్రెడు హాబ్సు వచ్చెను. అతడు చబ్బు బీగమును 25 నిమిషములలో తెఱచి, 7 నిమిషములలో మరల వేసెను. పిదప 16 దినములలో 51 గంటలు శ్రమించి, బ్రామా బీగమును తెఱచి, 200 గినీలు గైకొనెను.

ఇట్టి లోపములను బహిరంగపఱచుట దొంగలకు పాఠము చెప్పుటయే యని కొందఱాక్షేపించిరి. 1853లో చార్లెసు టాంలిన్సను కూర్చిన బీగముల గ్రంథము దీనికి సమాధానమిచ్చెను: దొంగలకు గ్రంథములు క్రొత్తగా నేర్పునది స్వల్పము, ఆ జ్ఞానము కావలసినది సజ్జనులకే. ఈ వాదము నాకు సమ్మతము. మన కుటుంబములలో, చెప్పిన భయపడుదురని తలుపు బలహీనతను స్త్రీలకు దాచువారు పెక్కుమంది. పురుషులు ఊరికి బోయినపుడు ఆ తలుపు వెనుక నొంటరిగా నుండవలసినవారు వారే గదా!

నేటి తలుపులలో విరివిగా గానవచ్చు పిన్నుల బీగమును 1860 తరువాత లైనసు యేలు రూపొందించెను. దాని మూలసూత్రము ప్రాచీన ఈజిప్టు కొయ్యబీగములలోనిదే. 1897లో బొంబాయిలో అర్దేషీరు గోద్రేజు బీగముల తయారీ నారంభించెను. మంచి బీగము దొరకుట యిపుడు కష్టము కాదు. కాని దానిని కొనువారు ద్వారబంధమును చూచుట యరుదు. పుచ్చిన కొయ్యకు రెండు చిన్న మేకులతో బిగించిన గొళ్లెమునకు ఎంతటి బీగము వ్రేలాడదీసినను, గొళ్లెముతోపాటు అదియు నూడి చేతికి వచ్చును.