సముద్రం కేసుషీటు

2023 జనవరి తుఫానుల్లో కాలిఫోర్నియాలోని కాపిటోలా దగ్గర సముద్రంలోకి కట్టిన చెక్కవంతెన మధ్యకు తెగింది. 2024 డిసెంబరు 23న శాంతాక్రూజ్ వంతెన కొస విరిగి నీళ్ళలో కలిసింది. టీవీలో అవి చూసినప్పుడల్లా మన ఇళ్ళలో వినిపించేది ఒకటే: “పూర్వం అలలు ఇంత ఎత్తున ఉండేవి కావండీ.” ఎవరి పూర్వం? మనలో చాలామంది ఈ ఒడ్డుకు నిన్న మొన్న వచ్చినవాళ్ళమే కదా!

గుండెనొప్పితో వచ్చిన రోగికి ఇవాళ్టి ఇ.సి.జి. ఒక్కటే చూస్తే చాలదు. పాతది ఉందా అని అడుగుతాం. ఈ తీరంలో అలలను కొలిచే బోయాలు 1980 ప్రాంతంలోగాని రాలేదు. అవి వచ్చీ రాగానే 1982-83 ఎల్ నినో వచ్చింది. ఆ శీతాకాలపు తుఫానులు శాంతామోనికా వంతెన పడమటి కొసను ఊడ్చుకుపోయాయి. జ్వరం ముదిరిన రోజునే కేసుషీటు తెరిచినట్టయింది.

పాత కాగితం చివరకు భూకంపాలవాళ్ళ దగ్గర దొరికింది. ఒడ్డుకు తగిలి వెనక్కు మళ్ళిన కెరటం ఎదురొచ్చే కెరటంతో కలిసినప్పుడు నీటి ఒత్తిడి సముద్రపు అడుగుదాకా దిగి నేలను సన్నగా వణికిస్తుంది. ఆ వణుకు ఊళ్ళో ఉన్న సీస్మోగ్రాఫుకు కూడా అందుతుంది. భూకంపం కోసం చూసేవారికి అది వట్టి రొద. స్టెతస్కోపు పెట్టినప్పుడు పక్కగదిలో పిల్లల గోలలాంటిది! బర్క్‌లీలో 1931 నుంచీ ఆ రొద కాగితం మీద నమోదవుతూ వచ్చింది. స్క్రిప్స్ సంస్థకు చెందిన పీటర్ బ్రొమిర్‌స్కీ విద్యార్థుల సాయంతో ఏళ్ళ తరబడి ఆ కాగితాలను స్కాన్ చేయించి, రొదలోంచి అల ఎత్తు లెక్కకట్టి, 2023లో ప్రచురించాడు.

తేలిందేమిటంటే, 1970 నుంచి శీతాకాలపు అలల సగటు ఎత్తు 13 శాతం, అంటే ఒక అడుగు దాకా పెరిగింది. అడుగే కదా అనకండి. అల శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది పాతికశాతం పైమాటే. 13 అడుగులు మించిన అలలు లేపే తుఫానులు 1949-69 నాటికంటే 1996-2016 మధ్య సుమారు రెట్టింపయ్యాయి. పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలో సముద్రమట్టమే నూరేళ్ళలో దాదాపు 8 అంగుళాలు లేచింది.

పెద్ద అల అనగానే మనకు 1977 దివిసీమ ఉప్పెన మనసులో మెదులుతుంది. అది వేరు. అక్కడ తుఫాను గాలి సముద్రాన్నే ఒడ్డుమీదికి నెట్టింది. ఇక్కడ ఎక్కడో అలూషియన్ దీవుల దాపున గాలి లేపిన కెరటం రోజుల తరబడి ప్రయాణం చేసి, ఒక్కోసారి చక్కగా ఎండ కాస్తుండగానే వచ్చి కొడుతుంది.

కారణం? భూమి వేడెక్కడం జోరందుకున్నది కూడా 1970 తర్వాతే. బ్రొమిర్‌స్కీ అటే వేలు చూపాడు. పసిఫిక్‌కు దశాబ్దాలకోసారి మారే సొంత పోకడలున్నాయి కాబట్టి, నేనైతే “బలమైన అనుమానం” అని రాసి సంతకం పెడతాను.

మొన్న మా ఆవిడా నేనూ సముద్రపు ఒడ్డున ఒక ఇల్లు చూశాం. ముందు రాతిగోడ ఉంది. “1962లో కట్టిందండీ, చెక్కు చెదరలేదు” అన్నాడు ఏజెంటు. 1962 నాటి అలలకు కట్టిన గోడ! మా ఆవిడకు వంటిల్లు తెగ నచ్చింది. ఇంకా ఏమీ తేల్చుకోలేదు.