అచ్చుల పుట్టుకను వెతికిన చరిత్ర

హల్లు ఎక్కడ పుడుతుందో పట్టుకోవడం సులువు. ‘త’ అంటే నాలుక పళ్లకు తగులుతుంది, ‘ప’ అంటే పెదవులు కలుస్తాయి. అచ్చు పలికేటప్పుడు నాలుక దేనికీ గట్టిగా ఆనదు. అదెక్కడుందో పలికేవారికే సరిగా తెలియదు.

ఈ చిక్కును యూరప్ కంటే ఎన్నో శతాబ్దాల ముందే వేదపండితులు గుర్తించారు. తెలుగునాట విరివిగా వినిపించే తైత్తిరీయ వేదశాఖకు చెందిన ప్రాతిశాఖ్యం, అంటే ఉచ్చారణ నియమాల గ్రంథం, ఒక నిర్వచనం చెప్పింది: హల్లుకు తాకే చోటు స్థానం, అచ్చుకు దగ్గరయ్యే చోటు స్థానం. ‘అ’కు పెదవులూ దవడలూ మరీ దగ్గర కాకూడదు, మరీ ఎడం కాకూడదు. ‘ఇ’కి నాలుక నడుమ భాగం అంగిలి వైపు లేవాలి. ‘ఉ’కి పెదవులు దగ్గర పడాలి. ఏ యంత్రమూ లేని రోజుల్లో ఇంత సూక్ష్మంగా గమనించడం అపురూపమే.

యూరప్ మొదట యంత్రాల దారి పట్టింది. క్రాట్జెన్‌స్టైన్ అయిదు అచ్చులు పలికే గొట్టాలు తయారుచేసి సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ బహుమతి గెలిచాడు. కెంపెలెన్ 1791లో తన మాట్లాడే యంత్రం వివరాలు అచ్చువేశాడు. దానికి నాలుక లేదు. నోటి గరాటాను చేత్తో మూస్తూ తెరుస్తూ అచ్చులు పలికించాలి. 1867లో అలెగ్జాండర్ మెల్విల్ బెల్ నాలుక ఎత్తును, ముందు వెనుకలను, పెదవుల గుండ్రదనాన్ని బట్టి అచ్చులకు గుర్తులు కల్పించాడు. ఆయన కుమారుడు గ్రాహంబెల్ వాటితోనే బధిరులకు మాటలు నేర్పాడు. తర్వాత లండన్‌లో డేనియల్ జోన్స్ నాలుకపై సన్నని సీసపు గొలుసు పరిచి ఎక్స్‌రే తీయించాడు. 1928లో ఆస్కార్ రసెల్ తన ఎక్స్‌రేలను ముందుపెట్టి, నాలుక ఎత్తు లెక్క అన్ని నోళ్లలోనూ ఒకేలా కుదరదని వాదించాడు.

నాలుకను కదిలించే కండరాల సంగతి చివరికి తేలింది. 1970ల నాటికి సన్నని తీగలను కండరంలోకి గుచ్చి విద్యుత్ సంకేతాలు నమోదు చేయగలిగారు. గడ్డం ఎముక వెనుక నుంచి విసనకర్రలా విచ్చుకునే జీనియోగ్లాసస్ అనే కండరం ‘ఇ’కి నాలుకను ముందుకు, పైకి తెస్తుంది. ‘ఉ’కి స్టైలోగ్లాసస్ దాన్ని వెనక్కి, పైకి లాగుతుంది, పెదవుల చుట్టూ ఉన్న ఆర్బిక్యులారిస్ ఓరిస్ బిగుస్తుంది. ‘ఆ’కు దవడ దిగుతుంది, హయోగ్లాసస్ నాలుకను కిందికి దింపుతుంది.

అయితే ఈ పనులు ఒకదానికొకటి కట్టుబడి లేవు. 1979లో లిండ్‌బ్లోమ్, లబ్కర్, గే ప్రచురించిన ప్రయోగంలో పళ్ల మధ్య దిమ్మె పెట్టి దవడను కదలకుండా చేశారు. అయినా మాట్లాడేవారు సాధన లేకుండానే దాదాపు సరైన అచ్చే పలికారు. దవడ చేయలేని పనిని నాలుకే భర్తీ చేసింది.