నీటిపక్షుల కడుపులో సీసము

నెల్లిమర్ల చెంత చంపావతి యిసుకలోను, చుట్టుపట్టుల చెరువుగట్లమీదను కొంగలను చూడని పెద్దలుండరు. పక్షి నీటిలో దిగినదన్న అచ్చట దానికి మేత కలదన్నమాట. ఆ మేతలో విషలోహము కలసినచో నేమగును? ఈ సంగతి లోకమునకు తెలిసిన చరిత్ర తుపాకితో ముడిపడియున్నది.

లోహముతో మన సీమకు సంబంధము క్రొత్త కాదు. 1892 ప్రాంతమున చీపురుపల్లి వైపున మాంగనీసు గనులు త్రవ్వనారంభించిరి. ఆ రాయి ఓడలకెక్కి పోయి పరదేశపు టుక్కులో కలసెను. అటనుండి మనకు దిగిన సరకులలో వేటతూటాలును గలవు. ఒక్కొక్క తూటాలో రెండువందలకు పైగా సీసపు గుండ్లుండును. పిట్టకు తగులునవి నాలుగైదు. తక్కినవన్నియు చెరువులో పడును. సీసము నీట కరగిపోవునది కాదు, బురదలో అనేకసంవత్సరములు నిలుచును.

బాతునకు పండ్లు లేవు. గింజలను నలుపుటకై అది చిన్నరాళ్ళను మ్రింగి కందనకాయలో నుంచుకొనును. కోడిని కోసిన యిండ్లలో ఆ రాళ్ళను చూడనివారెవరు? బురదలోని సీసపు గుండు బాతునకు గింజవలెనో రాయివలెనో తోచును. కందనకాయ దానిని రాళ్ళనడుమ నూరును; కడుపులోని పులుసు దానిని కొంచెము కొంచెముగా కరగించును; అది నెత్తురులో కలసి నరములను పట్టును. ఱెక్కలు వ్రాలును. తుదకు మేతను క్రిందికి పంపవలసిన కండరములే చచ్చుపడును. కడుపులో గింజలుండగనే ఆ పక్షి ఆకలిచే చిక్కి చచ్చును. కొన్నిగుండ్లే ఇందుకు చాలును.

అమెరికాలో గ్రిన్నెలు అను నాతడు 1894లోనే దీనినిగూర్చి వ్రాసెను. 1919లో వెట్మోరు అను పక్షిశాస్త్రజ్ఞుడు బాతులకు గుండ్లు తినిపించి పరీక్షించిన ఫలితములను ప్రభుత్వము ప్రచురించెను. అయినను నీటిపక్షుల వేటలో సీసపు గుండును ఆ దేశమంతట నిషేధించుట 1991లో గాని జరుగలేదు. డెబ్బదిరెండేండ్లు! రోగము తెలియుట వేఱు, వేటగాని చేతి తూటా మార్చుట వేఱు. ఇంగ్లాండులో గాలములకు కట్టు సీసపు బరువులను మ్రింగి హంసలు చచ్చుచుండగా, 1987లో ఆ చిన్నబరువుల విక్రయమును మాన్పించిరి. అటుపిమ్మట హంసల సంఖ్య మరల పెరిగెను.

గుండును తామై మ్రింగని పక్షులకు మాత్రము భయము లేదా? కలదు, వానికి లోహము ఎరద్వారా వచ్చును. జపానులోని మినమాట వద్ద ఒక కర్మాగారము 1932 మొదలు 1968 వఱకు పాదరసము కలసిన నీటిని సముద్రములోనికి విడిచెను. ఆ విషము చేపలను పట్టెను. వానిని తిన్న పిల్లులు పిచ్చెత్తినట్లు గంతులు వేసి చచ్చెను, పక్షులు నేలకు రాలెను. అదే చేపలను తిన్న మనుష్యుల వ్యాధి 1956లో బయటపడినది.

ఇచ్ఛాపురము దాపున తేలుకుంచిలో చింతచెట్లపై గూళ్ళుకట్టు నత్తగుల్లకొంగ నత్తలను తినును. నత్త బురదలో బ్రదుకును. టెక్కలి చెంత తేలినీలాపురమునకు వచ్చు గూడబాతు చేపలను తినును. 2021-22 శీతకాలమున అచ్చట అనేకములగు గూడబాతులు చచ్చినప్పుడు, కారణము లోహము కాదనియు, చేపలద్వారా కడుపున చేరిన పురుగులనియు తేలినది. పురుగైనను పాదరసమైనను వచ్చుదారి యొకటియే.

మన దేశమున 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటలు తగ్గినవి. గుండ్లు మాత్రము చట్టము చెప్పినంతమాత్రమున బురదనుండి లేచిపోవు. పూర్వము దొరలును జమీందారులును ఏయే చెరువుల యొడ్డున పొంచి కాల్చెడివారో, ఏ గట్టునుండి తుపాకులు మ్రోగెడివో, నేడు ఎనుబదియేండ్లు దాటినవారికే జ్ఞాపకముండును. చెరువుల పూడిక తీయించు కాలమున ఆ మన్ను పొలములకు తోలుటకు ముందు, గ్రామమునందలి యువకులు అట్టి పెద్దలను పిలిచి గట్టువెంట నడిపింపవలెను.