ఆ ఊరేగింపు అంత పాతదేం కాదు!

స్పానిష్ పరీక్షకి చదివేటప్పుడు పండగల పేర్లు, తేదీలు నేనూ బట్టీ పట్టాను. మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీల్లో 'దియా దే ముయెర్తోస్', అంటే చనిపోయినవాళ్ల రోజు. మెక్సికో సిటీలో పుర్రెల వేషాలతో జరిగే పెద్ద ఊరేగింపు ప్రాచీన ఆచారమని నోట్స్‌లో రాసుకున్నా. తప్పు! 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'స్పెక్టర్' కోసం అలాంటి ఊరేగింపు కల్పించి తీశారు. ఆ తర్వాత 2016లో నగరం దాన్ని నిజంగానే మొదలుపెట్టింది. పండగకి యునెస్కో గుర్తింపు వచ్చింది 2008లో, అంటే ఊరేగింపుకి ఎనిమిదేళ్ల ముందే!

మరి అసలు పండగ ఎక్కడుంది? ఇళ్లల్లో, సమాధుల దగ్గర. పోయినవాళ్ల ఫోటో, బంతిపూలు, కొవ్వొత్తులు, వాళ్లకిష్టమైన వంటలు పెట్టే 'ఒఫ్రెండా'లో. ఆ సంగతి వదిలేసి ఊరేగింపు ఒక్కటే చెప్తే, భాష నేర్చుకున్నాం కానీ మనుషుల్ని తెలుసుకోలేదన్నట్టే.