పెరట్లో పరదేశి

గులాబీకి కుండీ, మల్లెకు పందిరి, తులసికి కోట! మరి మెట్టతామరకో? గిన్నెలు కడిగిన నీళ్ళు! బావిగట్టు పక్కన, కాలువ వెంట గుబురుగా పెరుగుతుంది పాపం. కోయగానే వడలిపోతుంది గనుక జడలోకి పనికిరాదు. అందుకే మనకూ దానిమీద అంత మోజు లేదు.

తీరా దాని చరిత్ర వింటే మాత్రం ముక్కుమీద వేలేసుకోవలసిందే.

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి 'కానా ఇండికా' అన్న పేరు స్థిరపరిచాడు. పేరులో ఇండియా ఉంది కదా, మనదే కాబోలు అనుకుంటాం. కాదు! దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. 1492లో ఇండియాకని బయల్దేరిన కొలంబస్ మరెక్కడో తేలాడు. ఆ దీవులకు 'ఇండీస్' అన్న పేరు అలా వచ్చిందే. ఆనాటి పొరపాటు ఈ మొక్క పేరులో ఇంకా మిగిలివుంది.

పుట్టింట్లో దీనికున్న మర్యాదే వేరు. పెరూ కొండల్లో 'అచీరా' అని పిలిచి, దుంపలు కాల్చుకు తింటారు. వియత్నాంలోనూ ఈ దుంపల పిండితో సేమ్యాలాంటి తీగలు చేస్తారు. పూల సోకు నేర్పింది ఫ్రెంచివాళ్ళు. చిలీలో ఉద్యోగం చేసి వచ్చిన ఆనే అనే ఆయన 1848లో పారిస్ దగ్గర కొత్త సంకరజాతి పుట్టించాడు. ఆ తర్వాత లియాన్ నగరంలో క్రోజీ పొట్టి మొక్కలకు పెద్ద పూలు పూయించాడు. మన దేశంలో, 1820లో విలియం కేరీ స్థాపించిన కలకత్తా ఉద్యాన సంఘంలో పెర్సీ లాంకాస్టర్ ఎన్నో రంగుల రకాలు తయారుచేశాడు.

ఇక గింజ సంగతి! నల్లగా, గుండ్రంగా, రాయిలా ఉంటుంది. తెల్లవాళ్ళు తుపాకీ గుండుతో పోల్చి 'ఇండియన్ షాట్' అన్నారు. అర్జెంటీనాలో ఒక పాత సమాధిలో, గలగలమనే అక్రోటు కాయల హారం దొరికింది. కాయ లేతగా ఉన్నప్పుడే ఎవరో లోపల మెట్టతామర గింజ దూర్చారు. కాయ ముదిరి గింజను దాచేసింది. అంటే కాయ వయసే గింజ వయసన్నమాట. సుమారు 550 ఏళ్ళు! ఆ గింజను తడిపి నాటితే మొలకెత్తిందని 1968లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. హారం కట్టిన చేతులు ఏనాడో మట్టిలో కలిసిపోయాయి. గింజ మాత్రం గుక్కెడు నీళ్ళకోసం అన్నాళ్ళూ కాచుకునివుంది!

మనింట్లో అంతకాలం ఆగనక్కర్లేదు లెండి. గింజ పైపెంకును ఒకచోట గరుకురాతిమీద అరగదీసి, రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే చాలు. అంతకంటే సులువు, కన్ను ఉన్న దుంపముక్క నాటడం. పెరడు లేనివాళ్ళు పొట్టిరకం తెచ్చి పెద్ద కుండీలో పెట్టుకోవచ్చు. అయితే ఐదారు గంటల ఎండ తగిలే కిటికీయో బాల్కనీయో ఉండాలి. పేరుకు మెట్ట గాని, నీళ్ళంటే దానికి ప్రాణం. పూలైపోయిన కాడ మళ్ళీ పూయదు. మొదలంటా కోసేస్తే పక్కపిలకలు లేస్తాయి. రెండుమూడేళ్ళకోసారి దుంపలు విడదీయాలి.

విడదీసిన దుంపలు పారేయకండి. పక్కింటావిడకు ఇవ్వండి. సముద్రాలు దాటి మన కాలువగట్టుదాకా ఆ మొక్క వచ్చింది అలా చేతులు మారే కదా!